ద్వారపూడి స్కేలు

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల కీబోర్డు చూడగానే నేను మొదట చేసే పని కొవ్వొత్తి వెలిగించడం. పూజ కాబోలనుకుని తల్లిదండ్రులు చెప్పులు విప్పుతారు. నేను లక్క కడ్డీ కరిగించి, ట్రాన్స్‌పోజ్ అని రాసి ఉన్న బటన్ మీద ఎర్రగా ఒక చుక్క కారుస్తాను. ఆరకముందే కుంకుమ భరిణె మూత పెట్టి నొక్కితే దాని మీద తామరపువ్వు పడుతుంది. మొన్న ఒక రైసుమిల్లు గుమస్తా గారు కూతురి కోసం కీబోర్డు కొని తెచ్చారు. దాని మీద లక్క పడేసరికి ఆయన ముఖం కందగడ్డ అయిపోయింది.

"ఇదేంటండీ టీచరు గారూ, నిన్ననే కొన్నామండి!"

"మా గురువు గారి పద్ధతండి" అన్నాను.

గురువు అనే మాట వింటే మనవాళ్లు ఇంక నోరెత్తరు. ఆ గురువు గారు సంగీతం మాస్టారు కాదనీ, మా మండపేటలో రిటైరైన పోస్టుమాస్టరనీ, ఆ పద్ధతి పుట్టిందే నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకోవడానికనీ ఆయనకి చెప్పలేదు.

కీబోర్డు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. పాటని పాడేవాళ్ల గొంతుని బట్టి పైకో కిందికో జరపాలి. జరిపితే వేళ్లు పడే మెట్లన్నీ మారిపోతాయి. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటే ఆ ఏళ్లు అక్కర్లేదు. మనం ఎప్పటిలాగే సి స్కేల్లో, తెల్ల మెట్ల మీదే హాయిగా వాయించుకుంటాం. శబ్దం మాత్రం కోరిన శ్రుతిలో వస్తుంది. నేను పదకొండేళ్లు అలాగే నెగ్గుకొచ్చాను. ఇరవై మంది పిల్లలకి పాఠాలు చెప్పాను, పెళ్లిళ్లలో వాయించాను, "ఏ శ్రుతైనా పర్వాలేదండి, పాడండి" అని అందరి ముందూ ధీమాగా అన్నాను. నాకు వచ్చింది ఒక్క స్కేలేనని మా ఆయనకి కూడా తెలియదు.

బయటపడింది ఒక రిసెప్షన్‌లో. ముందు పాటకి నాలుగు మెట్లు పైకి జరిపిన బటన్‌ని వెనక్కి తేవడం మరిచిపోయాను. తర్వాత పెళ్లికూతురి మేనత్త గారు పాడడానికి వచ్చారు. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణానికి వచ్చేసరికి ఆవిడ మెడ మీద నరాలు లెక్కపెట్టవచ్చు. జనం ఆవిడ గొంతునే అనుమానించారు. నేను కుక్కిన పేనులా వాయిస్తూ కూర్చున్నాను. అప్పుడు నా వెనక నుంచి, పులిహోర నములుతున్న నోటితో, ఎవరో నెమ్మదిగా అన్నారు.

"చేతులు మండపేటలో ఉన్నాయండి. శబ్దం రాజమండ్రి నుంచి వస్తోంది. ఇదేం మాయండీ టీచరు గారూ?"

వెనక్కి చూస్తే పోస్టుమాస్టరు గారు. ముక్కు చివర కళ్లజోడు, చేతిలో ఆకు ప్లేటు, ముఖంలో ఎవరి ఉత్తరమో పొరపాటున చదివేసిన వాడి సంతోషం.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఇంకా కూర్చోకముందే నేను, "నిన్న కరెంటు హెచ్చుతగ్గుల వల్లండి" అని మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది అమెరికా వాళ్ల పాత జాజ్ పాటండి. ముప్పై ఏళ్లుగా రేడియోలో వింటున్నాను. విన్నప్పుడల్లా సగం అర్థమయ్యేది, మిగతా సగం గరగరలో పోయేది. ఇప్పుడు నెట్‌లో చార్టు దొరికింది. నా గిటారుకి తోడు మీ కీబోర్డు కావాలి. రాను అన్నారనుకోండి, నేనేం చెయ్యను. ఉత్తరంలో ఏముందో పోస్టుమాస్టరు ఎవరికీ చెప్పకూడదు కదండీ."

బెదిరింపుని అంత మర్యాదగా నేను ఎక్కడా వినలేదు. ఒప్పుకున్నాను.

ఊళ్లో నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న రోజులవి. బస్టాండు ఎదురుగా ఒకటి ఉండేది. ఆయన రోజూ పది గంటలకి, ఆఫీసుకి వెళ్లినట్టే వెళ్లి కూర్చునేవారు. పేజీ పై నుంచి కిందికి ఒక్కో గీతే తెరుచుకుంటుంటే, కుర్చీ అంచున కూర్చుని పెదాలు కదుపుతూ చదివేవారు. చార్టు అంటే పెద్దదేం కాదు. పాట మాటల మీద ఎక్కడ ఏ స్వరాల గుత్తి పట్టాలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కాగితం. ఆ గుత్తినే కార్డ్ అంటారు. ఒకే పాటకి నెట్‌లో ఏడు చార్టులు దొరికాయి, ఏ రెండూ ఒక్కలా లేవు. ఏడింటినీ అచ్చు తీయించి మా ఇంటి మంచం మీద మూడు కట్టలుగా వేశారు.

"ఇవి చేరేవి. ఇవి అడ్రసు తప్పినవి. ఇది చచ్చిన ఉత్తరం, రాసినవాడికి పాపం చెవుడు" అన్నారు.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. అడ్రసు తప్పిన చార్టు పెట్టిన అమెరికా ఆయనకి ఈమెయిల్ రాశారు. అయ్యా, మీ పదకొండో గదిలో వేరే మనిషి కాపురం ఉంటున్నాడు, ఖాళీ చేయించండి అని. తాళంలో ఒక్కో గడిని ఆయన గది అనేవారు. పాటలో ముప్పై రెండు గదులు. పది రోజులకి జవాబు వచ్చింది, కృతజ్ఞతలు, సరిచేశాను అని. ఆ కాగితాన్ని ఆయన నెల రోజులు జేబులో పెట్టుకు తిరిగారు. కూరగాయల బజారులో వంకాయలు ఏరుతూ కూడా చూపించేవారు. "అమెరికా వాడి తప్పు మండపేట దిద్దిందండి" అంటే, వంకాయలావిడ పావుకిలోకి రెండు కాయలు కొసరు వేసింది.

ఆ చార్టు పేజీ కింద ఒక చిన్న పెట్టె ఉండేది. కావలసిన స్కేలు ఎంచుకుని నొక్కితే చార్టు మొత్తం అందులోకి మారిపోయేది. నేను దాన్ని చూసి, దేవుడున్నాడనుకున్నాను. ఆయన నా కళ్లు ఎక్కడున్నాయో చూసి, స్టాంపుల షీటు అంచు కాగితాన్ని నాలిక్కి రాసి, సరిగ్గా ఆ పెట్టె మీద మానిటరుకి అంటించేశారు. పేజీ జరిపితే పెట్టె పట్టీ కిందనుంచి పైకి వచ్చేసేది. ఆయన పట్టీ పీకి మళ్లీ అంటించేవారు. నెట్ సెంటర్ ఓనరు గోలపెట్టాడు. "మీ మానిటరు శుభ్రంగానే ఉందండి, మా టీచరు గారి బుద్ధే జారుతోంది" అన్నారు.

ఆయన పాఠం ఇలా ఉండేది.

"టీచరు గారూ, కార్డ్‌ని పేరు పెట్టి పిలవకండి. డోర్ నంబరు పెట్టి పిలవండి. స్కేలు ఒక ఊరండి. సి అంటే మన మండపేట. ఎఫ్ రామచంద్రపురం. జి అనపర్తి. ఎ ద్వారపూడి. ప్రతి ఊళ్లోనూ ఏడిళ్ల వీధి ఒకటుంది. ఈ పాట రెండో ఇంట్లో మొదలవుతుంది, అయిదో ఇంటికి వెళ్తుంది, ఒకటో ఇంట్లో కూర్చుంటుంది. రెండు, అయిదు, ఒకటి. రామచంద్రపురం వెళ్లినా అంతే, ద్వారపూడి వెళ్లినా అంతే. పోస్టుమాన్‌కి బదిలీ అయితే ఊరు మారుతుంది కానీ, ఒకటి తర్వాత రెండు రావడం మారదు కదండీ."

వినడానికి బాగానే ఉండేది. కానీ ఒక్కో ఊరికీ చార్టు చేత్తో తిరిగి రాయమనేవారు. పన్నెండు స్కేళ్లు, పన్నెండు కాగితాలు. తప్పు ఉంటే దారి మళ్లించిన ఉత్తరం మీద కొట్టేసినట్టు ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసేవారు. మా మినప్పప్పు నాని, పులిసి, పాడైపోయేది గానీ ఆయన పాఠం అయ్యేది కాదు.

డ్రమ్ముల మీద సత్తిబాబు ఉండేవాడు. రైసుమిల్లులో ఫిట్టరు, పెళ్లి బ్యాండులో సైడు డ్రమ్ము. జాజ్ తాళం అతనికి అందలేదు. పోస్టుమాస్టరు గారు పిడికిలి బిగించి మా బల్ల మీద ముద్ర వేసినట్టు కొట్టి చూపించారు. "ముందు ప్యాడ్ మీద, తర్వాత ఉత్తరం మీద. ప్యాడ్ మీద మెల్లగా, ఉత్తరం మీద గట్టిగా. చెయ్యి ఊగాలి. నలభై ఏళ్లు ఇదే వాయించానురా నేను!"

"ఆయ్" అన్నాడు సత్తిబాబు. ఆ క్షణం నుంచి అతని తాళం తప్పలేదు.

ఆయన భార్యకి మాత్రం ఈ సంగీతం నచ్చేది కాదు. "సూటిగా ఒక్క శబ్దమూ ఉండదమ్మా, అన్నీ పక్కచూపులే. ఈయన వాయిస్తుంటే పాలు కూడా పొంగాలా వద్దా అని ఆలోచిస్తాయి" అనేది. అయినా ఆయన ఆ పాట మొదలుపెడితే పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేది.

నెలలు గడిచినా నేను కాగితం మీదే బదిలీ అయ్యాను, వేళ్ల మీద కాదు. ఆయన ఎదురుగా కష్టపడి నాలుగు గదులు దాటేదాన్ని. ఆయన వెళ్లగానే బటన్ నొక్కేదాన్ని. ఒకరోజు సగం దూరం వెళ్లి, గొడుగు మరిచిపోయానంటూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు సత్తిబాబుని వెంటబెట్టుకొచ్చి, కీబోర్డు లోపల దుమ్ము దులిపిస్తానన్నారు. నేను లోపల టీ పెడుతుంటే స్క్రూలు ఊడిన చప్పుడు, మళ్లీ బిగించిన చప్పుడు వినిపించాయి. నేను టీ తెచ్చేసరికి ఆయన కొవ్వొత్తి వెలిగించి బటన్ మీద లక్క పోస్తున్నారు.

"ఇదేంటండీ!"

"ఆఫీసు సీలు ఆఫీసుకి అప్పగించేశానండి. ఇది మా ఆవిడ భరిణె మూత" అని తామరపువ్వు ముద్ర వేశారు. "సీలు పగిలితే విచారణ ఉంటుంది."

అప్పుడే కాకినాడ కబురు వచ్చింది. గ్యాస్ కంపెనీ ఇంజనీర్లు ఆదివారం మధ్యాహ్నం భోజనాలప్పుడు జాజ్ కావాలన్నారు. వాళ్లలో ఒకాయన భార్య, కొచ్చిన్ ఆవిడ, పాడుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ పాట తెలిసినవాళ్లం మేం ముగ్గురమే. ఆవిడ సి లోనే పాడతానంది. అంటే మండపేటే, మా ఊరే. నా ప్రాణం కుదుటపడింది. నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు కంపెనీకి బియ్యం సరఫరా చేసేవాళ్లు, వాళ్లూ భోజనాలకి వచ్చారు. ముందు వరసలోనే కూర్చుని, మా టీచరు గారేనండి అని పక్కవాళ్లకి చూపిస్తున్నారు.

మైకు ముందుకి రాబోతూ కొచ్చిన్ ఆవిడ పోస్టుమాస్టరు గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన నా వైపు వంగారు. కళ్లలో ఆ పాత మెరుపు.

"గొంతు పట్టేసిందటండి. కిందికి కావాలి. ద్వారపూడి."

ఎ స్కేలు. మూడు నల్ల మెట్లు. కాగితం మీద రాశాను, వేళ్లతో ఎప్పుడూ చివరిదాకా వెళ్లలేదు. ఇక్కడ తప్పితే పదకొండేళ్ల పరువు, ఇరవై మంది పిల్లలూ రేపు పొద్దుటికి ఉండరు. ఆయన గిటారు సవరించుకుంటున్న ఆ ఒక్క క్షణంలో బొటనవేలి గోరుతో తామరపువ్వుని పెకిలించేశాను. బటన్ నొక్కాను.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాను. చిన్న తెర మీద సున్నా సున్నాలాగే ఉంది. బటన్ మెత్తగా లోపలికి పోతోంది, తిరిగొస్తోంది, అంతే. సత్తిబాబు వైపు చూశాను. అతను పైకప్పు ఫ్యాన్లు లెక్కపెడుతున్నాడు. నాకు మొత్తం అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్నాను.

ఆయన ద్వారపూడిలో మొదలుపెట్టారు. నా వేళ్లు అలవాటుకొద్దీ మండపేటలో పడ్డాయి. ఆ రెండూ కలిసిన శబ్దానికి ఒక ఇంజనీరు చేతిలోని స్పూను జారింది. కొచ్చిన్ ఆవిడ ఇంకా పాట ఎత్తుకోలేదు. అప్పుడు పోస్టుమాస్టరు గారు మైకులోకి వంగి, తాళం తప్పకుండా, తల ఊపుతూ పాడడం మొదలుపెట్టారు.

"రెండూ... అయిదూ... ఒకటీ... ఆరూ... ఆ పక్కిల్లూ... రెండమ్మా... అయిదమ్మా... ఒకటీ..."

డోర్ నంబర్లు! నాకు దారి చెబుతున్నారు. సభలో వాళ్లు అదేదో జాజ్‌లో పాడే విద్య అనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. నేను మెట్ల పేర్లు వదిలేశాను. రెండో ఇల్లు వెతికాను, దొరికింది. అయిదో ఇల్లు, అదీ దొరికింది. నాలుగో గదికి వచ్చేసరికి వేళ్లు ఆయన గొంతు వెనకాల నడుస్తున్నాయి. ఎనిమిదో గదిలో ఆయన నంబర్లు ఆపేశారు. అక్కడి నుంచి ముప్పై రెండో గది దాకా ఆ వీధిలో నేను ఒక్కదాన్నే నడిచాను. కొచ్చిన్ ఆవిడ పాడింది, సత్తిబాబు ముద్రలు వేశాడు. నా జీవితంలో నేను నిజంగా వాయించిన మొదటి పాట అది. ఏడుపు, నవ్వు, కోపం మూడూ ఒకేసారి వచ్చాయి. వాటిలో కోపమే గెలిచింది.

అయిపోయాక కొచ్చిన్ ఆవిడ ఆయన్ని, మొదట పాడింది ఏ భాష అని అడిగింది. "తపాలా భాషండి" అన్నారు.

తిరుగు బస్సులో నేను ఆయన పక్కన కూర్చోలేదు. సామర్లకోట దాటాక ఆయనే వచ్చి ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"బటన్ కింద రబ్బరు బిళ్ల తీయించేసి, పైన లక్క దేనికండీ?" అన్నాను, పళ్లు కొరుకుతూ.

"లక్క మంచివాళ్లకండి. దొంగలకి లోపల వేరే ఏర్పాటు ఉండాలి. ఇంతకీ విచారణ ఏంటంటే, సీలు పగలగొట్టింది ఎవరు?"

"నా పరువుతో ఆటలాడారు మీరు. నేను అందుకోలేకపోయుంటే?"

ఆయన మొదటిసారి తడబడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ భయపడ్డానండి. ఆ నంబర్లు ముందు అనుకున్నవి కావు. నోటికొచ్చేశాయి."

మూడు వారాలు మాట్లాడలేదు. ఒక పోస్టుకార్డు వచ్చింది. "ద్వారపూడి చేరారు. రామచంద్రపురం ఎప్పుడు?" అంతే. దాని మీద అడ్డంగా గీత కొట్టి, తీసుకొనుటకు నిరాకరించారు అని రాసి తిరిగి డబ్బాలో వేయించాను. మర్నాడు సాయంత్రానికల్లా ఆయన ఆ కార్డు పట్టుకుని పరుగులాంటి నడకతో మా గుమ్మం ఎక్కారు. ముఖం వెలిగిపోతోంది. "రూలు ప్రకారం తిప్పి పంపారండి! తారీఖు కూడా వేశారు!" అలాంటి మనిషి మీద ఎంతకాలం అలగగలం? ఆ సాయంత్రమే రామచంద్రపురం మొదలుపెట్టాం.

ఆ తర్వాత ఐదేళ్లు, ఆయన పోయేదాకా, పన్నెండు ఊళ్లూ తిరిగాం. బటన్ బాగుచేయించమని నేను అడగలేదు, ఆయనా ఆ మాట ఎత్తలేదు.

ఆయన పోయిన పదిహేనో రోజున ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో కుంకుమ భరిణె మూత. "ఇది మీకిమ్మన్నారమ్మా. నాకిప్పుడు దీంతో పనేముంది" అంది. రెండో చేతిలో లక్క సీలు వేసిన కవరు, దానికి రసీదు కార్డు కుట్టి ఉంది. రిజిస్టరు ఉత్తరం అందినట్టు సంతకం పెట్టి పంపినవారికి తిప్పి పంపే కార్డు. కవరు మీద ఆయన గుండ్రటి దస్తూరి: టీచరు గారికి, డోర్ నంబరు 2-5-1, ద్వారపూడి.

సీలు పగలగొట్టాను. ఈసారి విచారణ చేసేవాళ్లు లేరు. లోపల మినపగింజంత నల్లటి రబ్బరు బిళ్ల, ఒక చీటీ ఉన్నాయి.

"దొంగ సొత్తు వాపసు. తీసినవాడు సత్తిబాబు. తీయించినవాడికి బదిలీ అయింది."

"సంతకం పెట్టించుకోకుండా ఇవ్వొద్దన్నారమ్మా" అంది ఆవిడ, కార్డు చూపించి. సంతకం పెట్టాను. ఎక్కడికి తిప్పి పంపాలో చూద్దామని కార్డు తిరగేశాను. పంపినవారి చిరునామా ఉండాల్సిన చోట ఎర్ర సిరాతో ఇలా ఉంది: "కొత్త అడ్రసు తెలియగానే రాస్తాను."

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

రబ్బరు బిళ్లని కీబోర్డులో పెట్టించలేదు, అది కవర్లోనే ఉంది. సంతకం పెట్టిన కార్డు కీబోర్డు స్టాండు మీద, చార్టు వెనకాల ఉంటుంది. రెండేళ్లయింది. ఇంకా అడ్రసు రాలేదు.